26 రోజుల పాత బ్యాగు బాబుకి ఎక్కించారు, అది పాడైన రక్తమా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది గుణుపురం దగ్గర ఊరు, బాబుకి ఏడేళ్ళు, తలసీమియా మేజర్ (పుట్టుకతోనే ఒంట్లో సరిపడా హిమోగ్లోబిన్ తయారుకాని జబ్బు), మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మొన్న బ్యాగు లేబుల్ చూస్తే తీసిన తేదీకీ ఎక్కించిన రోజుకీ 26 రోజులు తేడా ఉంది. అదే రోజు పొద్దున్న మీ మరిది వచ్చి రక్తం ఇచ్చాడు, ఆ తాజాది ఎక్కించండి అని ఎంత బతిమాలినా వినకుండా పాతదే పెట్టారు, అది పాడైన రక్తమేమో, పిల్లడికి ఏటవుతాదో అని రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. నేను ఒడిశాలో బరంపురం, రాయగడ వైపు బ్లడ్ బ్యాంకుల్లో 27 ఏళ్ళు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను, మీలాంటి తల్లులు కౌంటర్ దగ్గర నిలబడి ఇదే మాట అడగడం ఎన్ని వందలసార్లు విన్నానో, ఆ హడావిడిలో సరిగ్గా కూర్చోబెట్టి చెప్పే టైం మాకెప్పుడూ దొరికేది కాదు, అందుకే ఇప్పుడు కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

ముందు నిద్రపోండి తల్లీ. 26 రోజుల బ్యాగు పాడైన బ్యాగు కాదు. అలాగని మీ అనుమానం ఉత్తదీ కాదు, ఎందుకంటే రక్తం ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్ళూ అలాగే ఉండిపోదు, రోజురోజుకీ మారుతుంది, మీ బాబులాంటి పిల్లలకి ఆ మార్పు కొంచెం లెక్కలోకి వస్తుంది కూడా. కాకపోతే లేబుల్ మీద తేదీ ఒక్కటే చూసి మంచిదో చెడ్డదో తేల్చేయడం కుదరదు. ఆ బ్యాగు ఎలా తీశారు, ఎలా విడగొట్టారు, ఫిల్టర్ చేశారా, ఏ ఫ్రిజ్‌లో పెట్టారు, ఎలా మోసుకొచ్చారు అనేవి తేదీ కన్నా పెద్ద సంగతులు, నా అనుభవంలో రక్తం నిజంగా పాడైందంటే అది ఎక్కువగా వీటి వల్లే.

డోనర్ పడుకున్నప్పుడు మనం పెట్టే బ్యాగు ఖాళీ బ్యాగు కాదు. 350 మి.లీ. బ్యాగులో ముందే 49 మి.లీ. ద్రవం ఉంటుంది, దాన్ని సీపీడీఏ అంటాం. అందులో సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం దొరక్కపోతే రక్తం గడ్డ కట్టదు. 1914 ముందు ఈ సంగతి వాడకంలోకి రానప్పుడు డోనర్‌నీ పేషెంట్‌నీ పక్కపక్కన పడుకోబెట్టి నేరుగా ఎక్కించాల్సి వచ్చేది, ఆ ఏడాది బెల్జియంలో హస్టిన్, అర్జెంటీనాలో అగోటే సిట్రేట్ కలిపి ఎక్కించి చూపించారు. రెండేళ్ళకి రౌస్, టర్నర్ అనే ఇద్దరు దానికి చక్కెర కలిపితే కణాలు ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయని తేల్చారు. తర్వాత ఫాస్ఫేట్, అడినిన్ చేరాయి, అలా 21 రోజులు కాస్తా 35 రోజులైంది. 1978లో స్వీడన్‌లో హోగ్‌మన్ వాళ్ళు ప్లాస్మా (రక్తంలో కణాలు తేలే పసుపు నీరు) తీసేశాక మిగిలిన ఎర్రకణాల్లో విడిగా ఉప్పునీళ్ళు, అడినిన్, గ్లూకోజ్ కలిపే పద్ధతి తెచ్చారు, దానికే తర్వాత మానిటాల్ చేరి సాగ్‌ఎం అయింది, దాంతో 42 రోజులు. మీ బ్యాగు లేబుల్ మీద గడువు తేదీ తీసిన రోజు నుంచి 35 రోజులుంటే సీపీడీఏ, 42 ఉంటే సాగ్‌ఎం లాంటిది అనుకోవచ్చు. ఈసారి చూడండి.

ఇక ఫ్రిజ్‌లో ఏం జరుగుతుందంటే, ఎర్రకణానికి చక్కెరే తిండి, వేరే ఏదీ వాడుకోలేదు, ఆ చక్కెరని కాల్చుకుంటే లాక్టిక్ ఆసిడ్ వస్తుంది, మన ఒంట్లో అయితే అది రక్తంతోపాటు కొట్టుకుపోతుంది గానీ బ్యాగులో ఎక్కడికి పోతుంది, అక్కడే పేరుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ లోపల పులుపు పెరుగుతుంది. 4 డిగ్రీల చలిలో పని నెమ్మదిస్తుంది కాబట్టే అన్ని రోజులు బతకగలుగుతుంది. కానీ ఆ చలికే కణం గోడలో సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపల ఉంచే పంపు కూడా దాదాపు ఆగిపోతుంది, దాంతో పొటాషియం మెల్లగా బయటికి కారుతుంది. గడువు దగ్గర పడ్డ సాగ్‌ఎం బ్యాగులో కణాల చుట్టూ ఉన్న నీటిలో పొటాషియం లీటరుకి 50 మిల్లీమోల్స్ దాకా వెళ్తుంది. మన రక్తంలో ఉండేది 4 దరిదాపుల్లో కదా, 50 అంటే వినడానికి భయమేస్తుంది, కానీ ఆ బ్యాగులో అలాంటి నీరు ఓ 100, 150 మి.లీ. మాత్రమే ఉంటుంది, మూడు నాలుగు గంటలు మెల్లగా ఎక్కితే ఒళ్ళు సర్దుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డకి రక్తం మార్పిడి చేసేటప్పుడు, కిడ్నీ పనిచెయ్యని వాళ్ళకి, ఆపరేషన్‌లో బ్యాగు మీద బ్యాగు వేగంగా ఎక్కించేటప్పుడు మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది, అందుకే పసిబిడ్డల రక్త మార్పిడికి మేము అయిదు రోజుల లోపుదే వెతికేవాళ్ళం.

రెండోది 2,3-డీపీజీ అనే పదార్థం. ఎర్రకణం ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కించుకుని ఒంట్లో దించడానికి ఇది తోడ్పడుతుంది. ఇది లేకపోతే కణం ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, దించదు. ఫ్రిజ్‌లో రెండు వారాలకే ఇది దాదాపు ఖాళీ అయిపోతుంది. అయితే పేషెంట్ ఒంట్లోకి వెళ్ళాక ఆ కణం మళ్ళీ దీన్ని తయారు చేసుకుంటుంది, ఒక రోజులో సగం పైన, మూడు రోజుల్లో పూర్తిగా తిరిగి వచ్చేస్తుంది. అంటే ఇది తాత్కాలికం. బాబుకి రక్తం ఎక్కిన మర్నాడు గానీ మొహంలో ఆ కళ రాదని మీరు గమనించే ఉంటారు, దాంట్లో దీనికీ కొంచెం పాత్ర ఉండొచ్చు.

మూడోది ఆకారం, నాకు ఎప్పుడూ చూడబుద్దేసేది ఇదే. కొత్త రక్తం ఒక చుక్క గ్లాస్ స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలన్నీ మధ్యలో వేలితో నొక్కిన పిండిముద్దల్లా చక్కగా ఉంటాయి. అదే అయిదో వారం బ్యాగులోంచి చూస్తే చాలావాటి అంచుల మీద ముళ్ళు లేచి ఉంటాయి, అచ్చం ఉమ్మెత్తకాయల్లా, ఇంకొన్ని పూర్తిగా గుండ్రంగా ఉబ్బిపోయి ఉంటాయి. ముళ్ళు లేచినవి కొన్ని ఒంట్లోకి వెళ్ళాక మామూలు ఆకారానికి వస్తాయి. కానీ గోడలోంచి చిన్న చిన్న ముక్కలు ఊడిపోయి గుండ్రంగా అయిపోయినవి మళ్ళీ రావు. మన ప్లీహంలో (పొట్టలో ఎడమపక్కనుండే స్ప్లీన్) ఎర్రకణం తనకన్నా చాలా సన్నటి సందుల్లోంచి వంగి దూరాలి, వంగలేనిదాన్ని అక్కడి కణాలు పట్టుకుని తినేస్తాయి. కొన్ని బ్యాగులోనే పగిలిపోతాయి కూడా, ఆ పగిలిన వాటి హిమోగ్లోబిన్ బయట తేలుతుంది. గడువు చివర్లో కూడా అలా పగిలింది అమెరికా లెక్కలో నూటికి ఒకటి దాటకూడదు, యూరప్ లెక్కలో 0.8 దాటకూడదు. అలాగే గడువు చివరి రోజున ఎక్కించినా 24 గంటల తర్వాత కనీసం నూటికి 75 కణాలు పేషెంట్ ఒంట్లో తిరుగుతూ ఉండాలి, 35 రోజులు, 42 రోజులు అన్న గడువులు ఇలాంటి లెక్కల మీదే పెట్టారు, ఎవరో ఊరికే వేసిన తేదీలు కావవి.

మీలాగే డాక్టర్లూ భయపడ్డారు. 2008లో అమెరికాలో గుండె ఆపరేషన్ పేషెంట్ల రికార్డులు తిరగేస్తే రెండు వారాలు దాటిన రక్తం ఎక్కినవాళ్ళకి ఇబ్బందులు ఎక్కువ వచ్చాయని ఒక పేపర్ వచ్చింది, ప్రపంచమంతా గగ్గోలయింది. కానీ రికార్డులు తిరగేయడం వేరు, చీటీ తీసినట్టు కొందరికి కొత్తది కొందరికి పాతది ఇచ్చి చూడడం వేరు. అలా చేసిన పెద్ద పరీక్షలు తర్వాత వరసగా వచ్చాయి. 2015లో ఐసీయూ పేషెంట్లు 2,430 మందితో ఒకటి, 2016లో నాలుగు దేశాల్లో 20 వేల మంది పైన పేషెంట్లతో ఇన్‌ఫార్మ్ అనేది, 2017లో ఇంకో అయిదు వేల మందితో, అన్నిట్లోనూ కొత్త రక్తం ఎక్కినవాళ్ళు ఎక్కువ బతికారని ఎక్కడా తేలలేదు. నాకు వీటన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఉగాండాలో కంపాలాలో 290 మంది చిన్నపిల్లల మీద చేసింది, 2015లో వచ్చింది. వాళ్ళంతా హిమోగ్లోబిన్ 5 కూడా లేకుండా, ఎక్కువమంది మలేరియాతోనో సికిల్ సెల్‌తోనో కొనఊపిరి మీద వచ్చిన పిల్లలు, మన రాయగడ, కోరాపుట్ కొండ ఊళ్ళనుంచి వచ్చే పిల్లల్లాగే. కొందరికి 10 రోజుల లోపు రక్తం, కొందరికి 25 నుంచి 35 రోజుల రక్తం ఎక్కించారు. పాత రక్తం కూడా ఆ పిల్లల ఒంటికి ఆక్సిజన్ అందించడంలో కొత్తదానికి తీసిపోలేదు. మీ బాబుకి ఎక్కింది 26 రోజులది. అందుకే ధైర్యంగా నిద్రపొమ్మన్నాను.

ఇప్పుడు మీ అనుమానంలో నిజం ఎంతో చెప్తాను. ఆ పరీక్షలన్నీ ఒకటి రెండుసార్లు రక్తం అవసరమయ్యే వాళ్ళ మీద చేసినవి. మీ బాబుది జీవితాంతం లెక్క. ఒక బ్యాగులో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, ఆ ఇనుము బయటికి పోవడానికి మన ఒంట్లో దారి లేదు, రోజుకి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూగా పోతుందంతే. కొత్త బ్యాగు అయితే కణాల్లో ఎక్కువ భాగం వారాలపాటు పనిచేసి మెల్లగా పోతాయి. పాత బ్యాగు అయితే కొంత భాగం మొదటి రోజే ప్లీహంలో పోతుంది, అంటే పని చెయ్యకుండానే ఇనుము మాత్రం దించేసి పోయిందన్నమాట. దాంతో హిమోగ్లోబిన్ తొందరగా పడుతుంది, మూడు వారాలు రావాల్సింది రెండున్నర వారాలకే పరిగెత్తాలి, ఏడాదికి మూడో నాలుగో బ్యాగులు ఎక్కువ పడతాయి, ఇనుము ఇంకా పెరుగుతుంది. 2017లో న్యూయార్క్‌లో 60 మంది ఆరోగ్యవంతులకి వాళ్ళ రక్తమే రకరకాల వారాలు నిల్వ ఉంచి తిరిగి ఎక్కించి చూస్తే ఆరు వారాల బ్యాగులతో ఇలా కణాలు పోవడం, రక్తంలో ఇనుము ఎగబాకడం కొట్టొచ్చినట్టు కనబడింది. అందుకనే తలసీమియా పిల్లలకి వీలైనంతవరకు రెండు వారాల లోపు రక్తం ఇవ్వమని గైడ్‌లైన్స్ చెప్తాయి. వీలైనంతవరకు అన్న మాట గమనించండి. ఎండాకాలం కాలేజీలకి సెలవులిచ్చేసి క్యాంపులు లేనప్పుడు, మీ బాబు గ్రూపు రెండే బ్యాగులు ఉన్నప్పుడు, 26 రోజులది ఎక్కించడం తప్పు కాదు, హిమోగ్లోబిన్ 6కి పడేదాకా కొత్తదాని కోసం ఆపితే అది తప్పు.

బ్యాగు తయారీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, తేదీ అడిగేవాళ్ళని చూశాను గానీ ఇది అడిగే తల్లిదండ్రులు నాకు చాలా అరుదుగా కనిపించారు. డోనర్ చేతినుంచి వచ్చేటప్పుడు బ్యాగుని ఊయలలా కదుపుతూ ఉండాలి, మిషన్ అయితే అదే కదుపుతుంది, ఊరి క్యాంపుల్లో చేత్తో కదపాలి. కదపకపోతే అడుగున సిట్రేట్ కలవక చిన్న గడ్డలు కడతాయి. బ్యాగు సగమే నిండితే ఉన్న కొద్దిపాటి కణాలకి మందు మోతాదు మించిపోతుంది. పది నిమిషాల్లో అయిపోవాల్సింది నరం సరిగ్గా దొరక్క పావుగంట దాటితే ఆ బ్యాగుని ప్లాస్మాకి, ప్లేట్‌లెట్లకి వాడం.

తర్వాత సెంట్రిఫ్యూజ్, అంటే బ్యాగుని గిరగిరా తిప్పి రక్తాన్ని పొరలుగా విడదీసే మిషన్. చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో బరువులు సరిచూసి తిప్పుతాం, బయటికి తీసేటప్పుడు కుదపకూడదు, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి. ఎక్స్‌ప్రెసర్ అని రెండు పలకల మధ్య నొక్కే పరికరంలో పెడితే కిందన చిక్కటి ఎరుపు, పైన గడ్డిరంగు ప్లాస్మా, రెండిటి మధ్య మజ్జిగ మీద తేలిన మీగడంత సన్నటి తెల్లటి పొర కనబడుతుంది. ఆ పొరే బఫీ కోట్, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ అందులోనే. నా 27 ఏళ్ళలో ఎక్కువ సేపు ఆ పొరనే చూస్తూ గడిపాను, క్లాంప్ ఒక్క సెకను లేటుగా వేస్తే అది ఎటో అటు పోతుంది. ఈ తెల్లకణాలు ఎర్రకణాలతోపాటు బ్యాగులో ఉండిపోతే చచ్చిపోతూ రకరకాల రసాయనాలు వదులుతాయి, బాబుకి ఎక్కించేటప్పుడు చలి, వణుకు, జ్వరం వచ్చేది చాలావరకు వాటి వల్లే. బఫీ కోట్ తీసేస్తే తెల్లకణాలు కొంతవరకు తగ్గుతాయి, పూర్తిగా తగ్గాలంటే ఫిల్టర్ కావాలి, ఫిల్టర్ చేసిన బ్యాగులో అవి 50 లక్షల లోపుకి వస్తాయి, మామూలు బ్యాగులో వందల కోట్లు ఉంటాయి. ఈ ఫిల్టర్ బ్యాగు తీసిన మొదటి రోజుల్లోనే వేయడం మంచిది, మంచం పక్కన ఎక్కించేటప్పుడు వేసినా తెల్లకణాలు ఆగుతాయి గానీ అవి అప్పటికే వదిలేసిన రసాయనాలు ఆగవు. నన్నడిగితే ఫిల్టర్ లేని 5 రోజుల బ్యాగు కన్నా మొదట్లోనే ఫిల్టర్ చేసిన 20 రోజుల బ్యాగు మీ బాబుకి మేలు.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక ముచ్చట. ఒక్కోసారి రక్తం ఫిల్టర్ దగ్గర ఆగిపోతుంది, చుక్క చుక్కగా దిగి చివరికి నిలిచిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఫిల్టర్ పాడైందనుకుంటారు. చాలాసార్లు ఆ డోనర్‌కి సికిల్ ట్రెయిట్ ఉంటుంది, అంటే సికిల్ సెల్ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చి ఉంటుంది, వాళ్ళకి తెలియనే తెలియదు, ఆరోగ్యంగా కొండలెక్కి దిగుతుంటారు, కానీ బ్యాగులో ఆక్సిజన్ తగ్గిన చోట ఆ హిమోగ్లోబిన్ గట్టిపడి కణాలు వంగకుండా అయి ఫిల్టర్ మూసుకుపోతుంది. అలాంటి డోనర్‌ని తప్పు పట్టకూడదు, పిలిచి టెస్ట్ చేయించి ఇంట్లో మిగతావాళ్ళకి కూడా చేయించుకోమని చెప్పాలి, పెళ్ళి సంబంధాలప్పుడు అది పనికొస్తుంది. నేను అలా ఇద్దరు ముగ్గురికి చెప్పాను, వాళ్ళు తర్వాత తమ్ముళ్ళని తీసుకొచ్చి చూపించారు.

రేడియేషన్ ఇచ్చిన రక్తం, సెలైన్‌తో కడిగిన రక్తం అనేవి కూడా ఉంటాయి, వాటిని కొద్దిమంది పేషెంట్లకే రాస్తారు. రేడియేషన్ ఇస్తే పొటాషియం ఇంకా తొందరగా కారుతుంది, అందుకని గడువు 28 రోజులకి కుదిస్తారు. కడిగిన దాన్ని మూత తెరిచి కడిగితే 24 గంటల్లో వాడెయ్యాలి. అంటే మేలు చేసే ప్రతి పనీ కణం ఆయుష్షులో కొంత తీసుకుంటుంది, అందుకే డాక్టర్ రాస్తేనే చేస్తాం.

ఫ్రిజ్ గురించి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, బరంపురంలో చెట్లూ స్తంభాలూ ఎక్కడివక్కడ పడిపోయాయి, కరెంటు లేదు. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. జనరేటర్ నడుస్తోంది గానీ డీజిల్ ఎన్నాళ్ళు దొరుకుతుందో తెలియదు. మేము చేసిందేమిటంటే ఫ్రిజ్ తలుపు తెరవడం మానేశాం, ఎవరికైనా బ్యాగు కావాలంటే ముందే రిజిస్టర్‌లో ఏ అరలో ఉందో చూసుకుని ఒక్కసారే తీసేవాళ్ళం, అరగంటకోసారి టార్చి వేసి టెంపరేచర్ రాసుకున్నాం. 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి, అంతే. ఆ నాలుగు డిగ్రీల కోసం ఒక రాత్రంతా కూర్చున్నాం, ఒక్క బ్యాగు కూడా పారెయ్యాల్సిన పని పడలేదు.

దానికి పూర్తిగా తిరగబడ్డది ఒకటి చూశాను. ఒక చిన్న ఆసుపత్రిలో పేషెంట్ వాళ్ళు ముందు రోజే బ్యాగు తీసుకెళ్ళారు, అక్కడ దాన్ని ఇంజెక్షన్లు పెట్టుకునే మామూలు ఇంటి ఫ్రిజ్‌లో, ఐస్ డబ్బా కింద ఆనించి పెట్టారు. మర్నాడు ఎక్కించబోతే రంగు ఏదో తేడాగా ఉందని అక్కడి సిస్టర్‌కి అనుమానమొచ్చి మాకు పంపింది. నేను కాసేపు నిలబెట్టి చూశాను. మామూలుగా కణాలు కిందకి దిగాక పైన నీరు లేత పసుపులో తేరుకోవాలి, ఇది నేరేడుపండు రసంలా ఉంది. మంచు తగిలి కణాలు పగిలిపోయాయి. ఆ బ్యాగు వయసు 6 రోజులు! ఎక్కించి ఉంటే ఆ మనిషి కిడ్నీలు దెబ్బతినేవి. ఆ సిస్టర్‌కి నేను ఫోన్ చేసి మరీ దండం పెట్టాను. వేడి అయినా ఇంతే, ఎవరో చల్లగా ఉందని వేడినీళ్ళ గిన్నెలో బ్యాగు పెడతారు, 42 డిగ్రీలు దాటితే కణాలు పగులుతాయి. చల్లటి బ్యాగుని పిల్లడికి మెల్లగా ఎక్కిస్తే ఏమీ కాదు, వేడి చెయ్యమని మీరెప్పుడూ అడగొద్దు.

ఇదే కారణంగా రాయగడ నుంచి గుణుపురం బ్యాగు తీసుకెళ్ళేవాళ్ళకి చెప్తుంటాను. మే నెలలో ఆటోలో క్యారీ కవర్లో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేవాళ్ళని చూశాను, గంటన్నర రెండు గంటల దారి. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి, ఐస్ ప్యాక్ బ్యాగుకి నేరుగా తగలకుండా మధ్యలో మందపాటి గుడ్డో అట్టో పెట్టాలి, దారిలో 10 డిగ్రీలు దాటకూడదు. ఫ్రిజ్ నుంచి తీసి 30 నిమిషాలు దాటితే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మొదలుపెట్టాక 4 గంటల్లో అయిపోవాలి. ఆ లైన్లో సెలైన్ తప్ప ఇంకేదీ కలపకూడదు, గ్లూకోజ్ కలిస్తే కణాలు ఉబ్బి పగులుతాయి, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) బాటిల్‌లో కాల్షియం ఉంటుంది, అది సిట్రేట్ చేసిన పనిని చెడగొట్టి గడ్డలు కట్టిస్తుంది.

ఇక మీ మరిది రక్తం. ఆయన మంచి మనసుతో ఇచ్చాడు, అది వృథా కాలేదు, ఇంకెవరికో వెళ్తుంది. కానీ పొద్దున్న తీసింది మధ్యాహ్నం ఎక్కించరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అయ్యి, గ్రూపు రెండుసార్లు చూసి, విడగొట్టి, అప్పుడే స్టాకులోకి వస్తుంది, తొందరపెట్టి వెచ్చటి రక్తం ఎక్కించుకోవడం అంటే ఈ పరీక్షలన్నీ వదిలేసుకోవడమే. ఇంకోటి చాలామందికి తెలియదు. సొంత బాబాయి, తండ్రి, అన్నదమ్ముల రక్తం రేడియేషన్ ఇవ్వకుండా ఎక్కిస్తే, అరుదుగానే గానీ, ఆ రక్తంలోని తెల్లకణాలు పేషెంట్ ఒంట్లో స్థిరపడిపోయి అతని ఒంటి మీదే దాడి చేస్తాయి. దగ్గరి చుట్టాలు కాబట్టి ఒళ్ళు వాటిని పరాయివని గుర్తుపట్టదు. అలా జరిగితే దాదాపు ఎవరూ బతకరు. పైగా రేపు బాబుకి బోన్ మ్యారో మార్పిడి చేయించాలనుకుంటే ఇంట్లోవాళ్ళ రక్తం ముందే ఎక్కి ఉండడం దానికి అడ్డం అవుతుంది. కాబట్టి ఆ రోజు మీ మాట వినకుండా వేరే బ్యాగు పెట్టిన టెక్నీషియన్ మీ బాబుకి మేలే చేశాడు, విడమరిచి చెప్పకపోవడం ఒక్కటే లోటు. మీ మరిదిని మూడు నెలలకోసారి ఇస్తూ ఉండమనండి, మీ బాబు కోసమని కాకుండా స్టాకు కోసం, స్టాకు నిండుగా ఉంటేనే మీ బాబుకి కొత్త బ్యాగు ఏరి ఇవ్వడానికి అక్కడివాళ్ళకి వీలవుతుంది.

వచ్చేసారి వెళ్ళడానికి రెండు మూడు రోజుల ముందే బాబు శాంపిల్, రిక్విజిషన్ ఫారం పంపించండి, ఫారం మీద తలసీమియా అని పెద్దగా రాయించండి, రెండు వారాల లోపుది, ఫిల్టర్ చేసింది ఉంటే పక్కన పెట్టమని మర్యాదగా అడగండి. ఆ రోజు పొద్దున్న వెళ్ళి అడిగితే ఉన్నదే ఇస్తారు, వాళ్ళ తప్పు కాదు. ఎక్కించే ముందు బ్యాగు మీద పేరు, గ్రూపు, గడువు మీరూ చదవండి, బ్యాగు రంగు దానికే అంటుకున్న సన్నటి ట్యూబు ముక్క రంగుతో పోల్చి చూడండి, బ్యాగు నల్లగా ఊదారంగులోకి తిరిగి ట్యూబు మాత్రం మామూలుగా ఉంటే, గడ్డలు కనిపిస్తే, ఎక్కడైనా కారుతుంటే సిస్టర్‌ని పిలవండి. ఎక్కేటప్పుడు వణుకు, నడుం నొప్పి, ఆయాసం, మూత్రం ఎర్రగా రావడం ఏదున్నా వెంటనే ఆపించండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎక్కించిన తేదీ, బ్యాగు నంబరు, తీసిన తేదీ, ఫిల్టర్ ఉందా లేదా, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ ఎంత, ఎన్ని మి.లీ. ఎక్కింది, అంతే. అయిదారుసార్లు రాశాక చూడండి, అదే మోతాదు ఎక్కుతున్నా ముందు చూసే హిమోగ్లోబిన్ 9 కిందకి పడుతూ వస్తుంటే బ్యాగులు పాతవి కావడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, ప్లీహం పెరిగి ఎక్కువ తినేస్తుండొచ్చు, లేదా ఎక్కిన రక్తం మీద ఒళ్ళు యాంటీబాడీలు తయారు చేస్తుండొచ్చు, రెండూ డాక్టర్ చూడాల్సినవే, బరంపురం మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో తీసుకెళ్ళండి. ఇప్పటిదాకా జరిగిన వాటి డిశ్చార్జ్ కాగితాలు ఉంటే బాబు పేరు కనబడకుండా ఆ అంకెలు ఇక్కడ రాయండి, నేను చూసి చెప్తాను.